చివరి బస్తా మీద తరుగు

మోటారు మూలుగు వింటూ అతను పిండిమిల్లు రాళ్ళ కింద చేయి పెట్టాడు. మూతిలోంచి జారిన పిండి అరచేతిలో పడింది. బొటనవేలితో నలిపి చూశాడు. వెచ్చగా ఉంది గానీ కాలడం లేదు. పలుకు తగులుతోంది గానీ ముతక కాదు. కరెంటు సరిపోతోందన్నమాట. ఇంకో పావుగంట ఇలాగే ఉంటే ఈ బస్తా గట్టెక్కుతుంది.

తలెత్తి దూలానికి వేలాడే బల్బు వంక చూశాడు. ఓల్టేజీ చూపే మీటరొకటి గోడకు ఉంది గానీ దాని ముల్లు విరిగి ఆరేళ్ళయింది. బల్బే అతని మీటరు. తెల్లగా వెలిగితే మోటారుకు కడుపు నిండినట్టు. నిమ్మపండు రంగుకు దిగితే గింజ తగ్గించి వేయాలి. పండుమిరప రంగుకు వచ్చిందంటే బెల్టు జార్చి ఆపేయాలి, లేకపోతే లోపలి తీగచుట్ట మాడుతుంది. అతని చేతి మీదుగా అలా మూడు మోటార్లు మాడాయి. మూడోదానితో మిల్లు యజమానురాలి చెవుల బంగారం పోయింది.

అతనికి యాభైతొమ్మిది. పొట్టి మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. బస్తాలు మోసిన వీపు బస్తా లేనప్పుడు కూడా ఆ వంపును వదల్లేదు. పగలంతా కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి, స్నానం చేస్తే సగం నల్లబడతాయి. మోటారువైపు ఉండే కుడిచెవి ఎప్పుడో మొద్దుబారింది. అతనితో పనున్నవాళ్ళు ఎడమవైపు వచ్చి నిలబడతారు. కొత్తవాళ్ళు కుడివైపు నిలబడి అరిచి, ఈయనకు పొగరని చెప్పుకుంటారు.

గింజ ఏదైనా, బస్తా పోస్తే బస్తా రాదు. కిలోన్నర గాలికి పోతుంది. దాన్ని తరుగంటారు. రోజు మొత్తం మీద ఎంత పోయిందో సాయంత్రం చివరి బస్తా తూచాక గానీ తేలదు. అలాగని ఆ చివరి బస్తావాడి పిండిలో కోత పెట్టరు. పొద్దున మొదట వచ్చినవాడికీ, దీపాల వేళకు వచ్చినవాడికీ ఒకటే కిలోన్నర. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. మిల్లు పుట్టినప్పటినుంచీ ఉన్నదే.

ముప్పైనాలుగేళ్ళు, రోజుకు ఏడు బస్తాలు. సెలవులూ జ్వరాలూ తీసేస్తే డెబ్బై వేల బస్తాలు. వాటి తరుగు లక్ష కిలోల పైమాటే. అదంతా ఎక్కడికి పోయిందని అడిగితే, కొంత దూలాలమీద ఉంది, కొంత సాలెగూళ్ళలో ఉంది, కొంత అతని కనుబొమల్లో ఉంది. మిగతాది ఇరవైరెండేళ్ళు ఈ మిల్లు ఊడ్చిన మనిషి ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ మనిషి అతని భార్య.

పొద్దున ఎనిమిదింటికి బెల్టు జార్చాడు. రాళ్ళు తిరిగి తిరిగి నెమ్మదించి నిలిచాయి. తలుపు పక్కన మేకుకున్న చెక్కబిళ్ళను తీసి చొక్కాకు తుడిచాడు.

అరచేయంత బిళ్ళ అది. గింజ పోసే పాత తొట్టి పగిలినప్పుడు దాని పలకలోంచి అతనే కోసి, బెజ్జం పెట్టి, తీగ ఉంగరం వేశాడు. ఈ ఊళ్ళో నలభైరెండు ఇళ్ళు, పంతొమ్మిది యంత్రాలు. ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఒకసారికి ఒక్కదాన్నే మోస్తుంది. పదకొండేళ్ళ క్రితం ఒక ఎండమధ్యాహ్నం అన్నీ ఒకేసారి వేస్తే అది కాలిపోయింది. ఇరవైమూడు రోజులు ఊరికి కరెంటు లేదు. ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. బిళ్ళ ఎవరి గుమ్మం మేకుకు ఉంటే వారిదే వంతు. వంతు తీరగానే తర్వాతి గుమ్మానికి వాళ్ళే తీసుకెళ్ళి తగిలించాలి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఎవరి వంతునైనా ఎవరైనా ఆపించవచ్చు, నోటితో చెబితే చాలు; ఈ నియమం పెట్టించింది అతనే. ఎవరు ఎప్పుడు వాడారో రాయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. అతని చేతికి వాచీ ఉంది, మాట తక్కువ. ఆ రెండు అర్హతలతో అతన్ని పెట్టారు. అప్పటినుంచీ అతను వంతులాయన. అంతకుముందు అతన్ని ఏమని పిలిచేవారో పిలిచినవాళ్ళకే గుర్తు లేదు.

మిల్లు యజమానురాలు తాళాల గుత్తితో వచ్చి ఎడమవైపు నిలబడింది. అతని పెదనాన్న కొడుకు భార్య, మొగుడు పోయాక మిల్లును ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. వదినా అంటాడు అతను. ఆమె కంటికి ప్రపంచంలో ప్రతి వస్తువుకూ ఒక వైపు కొన్న ధర, ఇంకో వైపు అమ్మే ధర అంటించి ఉంటాయి.

బస్సుకు టైమవుతోంది గదా, ఇంకా ఆ బిళ్ళను ముద్దు చేస్తున్నావేమిటని అడిగింది. వంతుల పద్దు పుస్తకాలు సర్దుకున్నావా అని అడిగింది. విద్యుత్ సంస్థ విచారణకు పిలిచిన ఉత్తరాన్ని మడత విప్పి మళ్ళీ ఒకసారి చదివించుకుంది. చదువు రాక కాదు. ఏ అక్షరమైనా రాత్రికి రాత్రి మారిందేమోనని.

మారలేదు. పట్నం నుంచి ఊరిదాకా పదకొండు కిలోమీటర్లు లావు తీగ, చివర పెద్ద ట్రాన్స్‌ఫార్మరు. అయ్యే ఖర్చును ఐదు పాళ్ళు చేశారు. ఒక పాలు విద్యుత్ సంస్థ పెడుతుంది. నాలుగు పాళ్ళు ఊరు పెట్టుకోవాలి. ఇంటికొచ్చే వాటా ఒక పాడి ఆవు ఖరీదు. ఊళ్ళో ఆవు ఉన్న ఇళ్ళు తొమ్మిది. ఇదే లైను మొదట్లో, పట్నం అంచున, శీతల గిడ్డంగికి కిందటేడు తీగా ట్రాన్స్‌ఫార్మరూ ఊరికే వచ్చాయి. అక్కడ మీటరు బొంగరంలా తిరుగుతుంది కాబట్టి పెట్టింది రెండేళ్ళలో తిరిగొస్తుందట. ఈ ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మీటరు మాత్రం పదకొండేళ్ళలో ఏనాడూ ఒక్క యంత్రానికి మించి చూపలేదు. ఇంత తక్కువ వాడేవాళ్ళకు అంత లావు తీగ గిట్టుబాటు కాదట. అందుకని నాలుగు పాళ్ళు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు మరిదీ," అంది వదిన. "మనం పదకొండేళ్ళు అడక్కుండా సర్దుకున్నాం. వీళ్ళకు ఆకలే లేదనుకున్నారు."

అతను తలూపాడు. ఆమె గొంతు తగ్గించింది. ఇవాళ వాటా సగానికైనా దిగకపోతే రేపు పాత ఇనుము బేరగాడికి కబురు పెడతానంది. మోటారు ఇనుము ధరకు పోతుంది, రాళ్ళు ఎవరైనా గుమ్మం ముందు వేసుకుంటారు. మిల్లు లేకపోతే పిండికి పట్నం పోవాలి, పిండికి పోయినవాడు పనికీ పోతాడు, పనికి పోయినవాడు రాడు. ఊరి లెక్క అంతటితో సరి. ఈ మాటలు ఆమె ఏడుస్తూ చెప్పలేదు. నిన్నటి మిగులు చెప్పినట్టు చెప్పింది.

వెళ్తుంటే వెనకనుంచి, "నీ వాచీని నమ్ముకుని ఊరంతా బతుకుతోంది. అది రెండు నిమిషాలు వెనకని నాకొక్కదానికే తెలుసు," అని నవ్వింది.

బిళ్ళను తర్వాతి గుమ్మానికి తగిలించి అతను ఇంటికి వచ్చాడు. ఒకే గది, దానికి ఆనుకుని వంటకు ఒక మూల. భార్య గోడకు రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. మూడేళ్ళుగా ఆమె పడుకోవడమంటే అలా కూర్చోవడమే. పక్కన స్టూలు మీద ఆవిరి మిషను. అన్నం క్యారేజీ అంత ఉంటుంది. మందు చుక్కలు వేసి మీట నొక్కితే పొగలాంటి ఆవిరి వస్తుంది, గొట్టం ముక్కుకు పెట్టుకుని పీల్చాలి. అది తినే కరెంటు ఒక బల్బంత. అయినా దానికీ వంతు కావాలి. ఊళ్ళో ఏ పెద్ద మోటారు తిరుగుతున్నా అది గుర్రుమంటుంది తప్ప ఆవిరి రాదు. అందుకని పొద్దున మిల్లు మొదలవకముందు అరగంట, మధ్యాహ్నం మూడింటినుంచి అరగంట ఆమెవి. ఆ రెండు అరగంటల మధ్య దూరాన్ని ఆమె రోజూ ఊపిరి ఊపిరిగా దాటుతుంది.

ఇవాళ పొద్దుటి ఆవిరి పని చేయలేదు. మెడ కింద గుంట లోపలికి పోయి వస్తోంది. పెదవుల అంచున నేరేడు రంగు. అతను చొక్కా మార్చుకుంటూ రెండుసార్లు అటు చూశాడు.

ఒంటిగంటనుంచి వెల్డింగు షాపు వంతు. ఆ షాపతను ఈ ఊరి పిల్లను చేసుకుని ఇల్లరికం వచ్చాడు, అందుకని పసిపిల్లలతో సహా అందరికీ అతను అల్లుడే. నాలుగిళ్ళ అవతలే షాపు.

"ఒంటిగంటకు నీకో అరగంట వదలమని అల్లుడికి చెప్పి వెళ్తాను," అన్నాడు.

ఆమె చేయి అడ్డంగా ఊపింది. మాట ముక్కలుగా వచ్చింది. "అతనికి రేపటికి గేటు ఇచ్చే పనుంది. మూడింటికి నాది ఉంది కదా."

"ఇవాళ్టికి."

"వంతులాయన పెళ్ళాం వంతు ముందుకు జరిగిందని తెలిస్తే..." ఆగి, ఊపిరి కూడదీసుకుని, "రేపటినుంచి అందరి పెళ్ళాలకూ ఆయాసమే."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు నవ్వడానికి ఊపిరి చాలక కళ్ళతో నవ్వింది. దగ్గరికి రమ్మని సైగ చేసి, తుండు అంచుతో అతని కుడిచెవిలోని పిండి తుడిచింది. ఆఫీసులో వాళ్ళు ఎడమవైపు కూర్చునేలా చూసుకోమంది. మందు చుక్కలు అయిపోవచ్చాయని, తెమ్మని గుర్తుచేసింది. అతను పదకొండేళ్ళ పుస్తకాలను గోనెసంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర మళ్ళీ ఆగితే, బస్సు మీ వాచీ చూసుకుని రాదని పంపేసింది.

బస్సు కిటికీలోంచి పొలాలమీద పెద్దలైను కనిపిస్తూనే ఉంది. ఆకాశమంత ఇనుప స్తంభాలు, ఒక్కొక్కటి నాలుగు కాళ్ళతో నలుగురి చేలు తొక్కి నిలబడ్డాయి. వాటి తీగల కిందనుంచే ఊరి సన్న తీగ వెళుతుంది, ఏనుగు కాళ్ళ మధ్య చీమల బారులాగా. స్తంభాలు మన చేలో, వెలుగు వాళ్ళ ఇంట్లో అని ఎవరో ఒకరు బస్సులో ఎప్పుడూ అంటారు. ఇవాళ అనడానికి కూడా ఎవరూ లేరు. అతను సంచిమీద చేయి వేసి కూర్చున్నాడు. తన లెక్క అతనికి స్పష్టంగా ఉంది. మీటరు వాడినది మాత్రమే రాసింది. అతని పుస్తకం ఆగినది కూడా రాసింది. ఎవరికి ఎప్పుడు కావాలి, ఎప్పుడు దొరికింది, మధ్యలో ఎన్ని గంటలు. ఆ గంటలన్నీ కూడితే శీతల గిడ్డంగి కంటే ఎక్కువే తేలుతుంది. కూడి చూశాడు కూడా. పుస్తకం తెరిస్తే ఆకలి కనబడుతుంది. కనబడితే వాటా దిగుతుంది.

ఆఫీసులో అతనికి ఒక కాగితం ముక్క ఇచ్చారు. పదిహేడో నంబరు. పదకొండింటికి రమ్మన్న విచారణ పన్నెండింటికి మొదలైంది. బల్ల చివర కూర్చుని ఎదురు గోడ గడియారాన్నీ చేతి వాచీనీ పోల్చి చూశాడు. వదిన అన్నది నిజమే, రెండు నిమిషాలు వెనకే. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఉండగా, గదిలో ఎనిమిది ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఎవరూ లేని పక్కగదిలో ఫ్యాను తిరుగుతోంది. లేచి వెళ్ళి దాని మీట ఆపి వచ్చి కూర్చున్నాడు. అలవాటు. ఎవరో వచ్చి మళ్ళీ వేసి వెళ్ళారు.

ఒంటిగంట అయింది. ఇప్పుడు బిళ్ళ అల్లుడి గుమ్మానికి చేరి ఉంటుంది. భోజనాలకని తలుపులు మూశారు. అతను ఎక్కడికీ కదల్లేదు, వంతు తప్పుతుందని. రెండు దాటాక పదిహేడు అని పిలిచారు.

అధికారిణికి నలభై ఉంటాయి. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, కళ్ళు నలుపుకుంటూ కూర్చోమంది. అతను కుర్చీని కొంచెం జరిపి ఎడమచెవి ఆమె వైపు పెట్టాడు. పుస్తకాలు తీసి, ఎలా చదవాలో వేలితో చూపించాడు. ఆమె చదివింది. ఊరికే తిప్పలేదు, నిజంగానే చదివింది. ఒక్కోచోట వేలు ఆగింది. వరసగా నాలుగో పుస్తకం తెరిచినప్పుడు కళ్ళజోడు కిందికి దించుకుంది.

"ఒక్క రోజు కూడా తప్పలేదే," అంది.

"తప్పితే ఎవరిదో ఒకరి తోట ఎండుతుందమ్మా."

ఆమె పుస్తకం మూసింది.

"పెద్దాయనా, నొచ్చుకోకండి. దీన్ని నేను పైకి పంపితే వాళ్ళకు కనబడేది ఒకటే. ఉన్న లైనుతోనే పదకొండేళ్ళు నడిచిందని."

"ఆగి ఆగి నడిచిందమ్మా."

"ఆగినది మీటరులో పడదండీ."

బస్సులో కూడిన కూడిక మొత్తం ఒక్కసారి తీసివేతగా మారింది. దుబారా చేసి తగలబెట్టుకున్నవాళ్ళకు ఊరికే ఇచ్చారు. పొదుపుగా పంచుకున్నవాళ్ళకు, మీకు అక్కర్లేదన్నారు. ఆ పొదుపును రోజూ రాసి, అచ్చుగుద్దినట్టు సాక్ష్యం తయారుచేసింది తనే.

అప్పుడతను తనకు తెలిసిన ఒకే ఒక్క న్యాయం చెప్పాడు. మిల్లు సంగతి. బస్తాకు కిలోన్నర. "తరుగు చివర తేలుతుందమ్మా. చివర తేలిందని చివరి బస్తావాడి మీద వేయం. పొద్దుటినుంచీ వచ్చిన అందరిమీదా వేస్తాం. మేం లైనుకు చివరున్నాం, అంతే. తీగ మొదటినుంచీ అందరిదీ కదా."

పక్క బల్ల దగ్గర రాస్తున్న గుమాస్తా రాత ఆపి తలెత్తి చూశాడు.

"మీ మిల్లు పద్ధతే న్యాయం," అంది ఆమె. "నా కాగితంలో దానికి గడి లేదు."

వాటా తగ్గదని, ఊరు సమ్మతించకపోతే ఈ ఏటి జాబితాలోంచి తీసేయాల్సి వస్తుందని, మళ్ళీ జాబితా ఎప్పుడో తనకూ తెలియదని చెప్పింది. ఆమె గొంతులో విసుగు లేదు. ఉంటే అతనికి సులువుగా ఉండేది. కాగితం నింపుతూ నింపుతూ చివర్లో ఆగి, కలం ఎత్తి పట్టుకుంది.

"ఇదొకటుంది. ఇప్పుడున్న ఏర్పాటువల్ల ఎవరికైనా ప్రాణహాని జరిగిందా? జరిగి ఉంటే దానికి వేరే పద్దు. మొత్తం ఖర్చు సంస్థదే."

అడిగి అతని ముఖంలోకి చూసింది. అవునని అంటే రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే చూసింది. ఎవరు వచ్చి తనిఖీ చేస్తారు, ఎప్పటికి చేస్తారు. అతనికి అర్థమైంది. బేరం తెలిసినవాడైతే ఆ ఒక్క మాటతో ఊరి పని అయిపోయేది. అతను మనసులోనే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళి వెతికాడు. నాలుగుసార్లు అత్యవసరంగా వంతులు ఆపించారు. రెండు కాన్పులు, ఒక కాలిన గాయం, ఒక ముసలాయన గుండెపోటు. నలుగురూ బతికారు. ఆ నాలుగూ పుస్తకంలో ఎర్రసిరాతో ఉన్నాయి, పక్కన క్షేమమని ఉంది. పదకొండేళ్ళ బతుకులో అతను గర్వపడేదంటూ ఉంటే అదే.

"లేదమ్మా," అన్నాడు. "మా వంతులవల్ల ఎవరికీ ఏమీ కాలేదు."

ఆమె లేదు అని రాసి, కాగితం తిప్పి, కింద సంతకం పెట్టమంది. పెట్టాడు. గోడ గడియారంలో రెండున్నరయింది.

మందుల షాపులో ఆవిరి మందు చుక్కల పెట్టె ఒకటి తీసుకున్నాడు. బస్సు కోసం నిలబడి మూడింటికి వాచీ చూసుకున్నాడు. ఈ టైముకు అల్లుడు మంట ఆర్పి, ముఖానికున్న డాలు తీసి, బిళ్ళ పట్టుకుని బయలుదేరుతాడు. మూడూ ఐదుకు ఆవిరి వస్తుంది. ఆ ఆలోచన అతనికి ఒకటిన్నర నిమిషం సుఖమిచ్చింది. తర్వాత వదినకు ఏం చెప్పాలో మొదలైంది. ఎన్ని రకాలుగా మొదలుపెట్టినా చివర బేరగాడే వస్తున్నాడు. ముప్పైనాలుగేళ్ళ రాళ్ళు గుమ్మం ముందు మెట్టుగా పడి ఉండటం కనిపించింది. వాటిమీద కాలు పెట్టి ఇంట్లోకి ఎలా వెళ్ళాలి?

ఐదూ నలభైకి బస్సు దిగాడు. ఇంకా ఎండ ఉంది. రెండడుగులు వేసి ఆగి, ఎడమచెవి ఊరివైపు తిప్పి విన్నాడు.

ఏమీ లేదు.

ఈ వేళకు సాయంత్రపు మిల్లు వంతు మొదలై ఉండాలి. వదిన ఎవరినో ఒకరిని పెట్టి నడిపిస్తానంది. మిల్లు కాకపోతే తోటల మోటార్లు. ఏదో ఒక మూలుగు లేకుండా పదకొండేళ్ళలో ఈ ఊరి పగలు గడవలేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిందనుకున్నాడు. దారి మళ్ళి దాని దగ్గరికే వెళ్ళి దిమ్మెమీద చేయి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. లోపల సన్నగా ఝుమ్మంటోంది. కరెంటుంది. వాడేవాళ్ళు లేరు.

అప్పటినుంచి అతను తొందరగా నడవలేదు. ఎందుకో కాళ్ళకు ముందే తెలిసింది.

అతని గుమ్మం ముందు పదీ పన్నెండు మంది నిలబడి ఉన్నారు. అతన్ని చూసి పక్కకు జరిగి ఎడమవైపుకు వచ్చారు, ఎప్పటిలాగే. లోపల భార్య పొద్దున ఎలా చూసి వెళ్ళాడో అలాగే దిండ్లకు ఆనుకుని ఉంది. తల మాత్రం స్టూలువైపు ఒరిగింది. గొట్టం చేతిలో ఉంది. మిషను మీట నొక్కి ఉంది. నొక్కి చూసుకుందన్నమాట. ఆవిరి రాక, ఆపడం మరిచిపోయిందో, ఆపలేకపోయిందో. తర్వాత ఎవరో ప్లగ్గు పీకారు.

ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒంటిగంటకు అల్లుడు గుమ్మంలో నిలబడి, అత్తా పని మొదలుపెట్టనా, నీకేమైనా కావాలా అని అడిగాడు. ఆమె కానీమని చేయి ఊపింది. మూడింటికి అతను బిళ్ళ తెచ్చి మేకుకు తగిలించి, అత్తా నీ వంతు అని పిలిచాడు. పలకకపోతే కునుకు పట్టిందనుకుని, లేపడం ఎందుకని తలుపు చేరవేసి వెళ్ళాడు. మూడున్నరకు తర్వాతి వంతు కూరతోట ఆయనది. బిళ్ళ ఇంకా రాలేదేమని నాలుగింటికి చూడటానికి వచ్చింది ఆయనే. అప్పటికి చేతులు చల్లబడ్డాయి. రెండింటికీ మూడింటికీ మధ్య అయి ఉంటుందని వదిన అంది.

అల్లుడు గోడవార నిలబడి ఉన్నాడు. చేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు.

"ఒక్క నిమిషం కూడా ఎక్కువ వాడలేదు మామా," అన్నాడు. "మూడు కాగానే ఆపేశాను. నీ మీద ఒట్టు."

"తెలుసు," అన్నాడు అతను.

నిజంగానే తెలుసు. ఈ ఊళ్ళో ఎవరూ ఎక్కువ వాడరు. ఆమె నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, నాలుగిళ్ళ అవతల మంట ఆరిపోయేది. ఆ నియమం పెట్టింది అతనే. కానీ వంతు తప్పించడమంటే మొగుడి పరువు తీయడమని అనుకునేలా పదకొండేళ్ళు ఆమె ఎదుట కూర్చుని ఆ పుస్తకం రాసింది కూడా అతనే. జేబులోంచి మందు చుక్కల పెట్టె తీసి స్టూలుమీద పెట్టాడు. గొట్టాన్ని ఆమె వేళ్ళలోంచి విడిపించబోయి మానేశాడు. ఆమె పక్కన నేలమీద చతికిలబడ్డాడు. అతని కనుబొమలు ఇవాళ నల్లగా ఉన్నాయి. పట్నం వెళ్ళే రోజని పొద్దున కడుక్కున్నాడు.

చాలాసేపటికి వదిన వచ్చి దగ్గర కూర్చుంది. ఇంకేం అడగాలో తెలియని మనిషి అడిగినట్టు, అక్కడేమైందని అడిగింది.

"వాటా తగ్గదట," అన్నాడు. తర్వాత, "ప్రాణం పోతే వేరే పద్దు ఉందట వదినా. అప్పుడు మొత్తం వాళ్ళే పెట్టుకుంటారట. ఎవరైనా పోయారా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"లేదని సంతకం పెట్టాను. రెండున్నరకి."

ఆ పద్దు విలువెంతో వదినకు అందరికంటే ముందే తెలుస్తుంది. లావు తీగ, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, తొమ్మిది ఆవులు, మిల్లు రాళ్ళు, నలభైరెండు ఇళ్ళు. రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్ళి ఒక్క గడి దిద్దిస్తే చాలు. అతను ఆమె ముఖంలోకి చూశాడు, ఆ మాట అక్కడినుంచి వస్తుందని. ఆమె తాళాల గుత్తిని చప్పుడు కాకుండా పిడికిట్లో బిగించి, తల తిప్పుకుంది.

బయట ఎండ వాలింది. ఏ ఇంట్లోనూ మోటారు వేయలేదు. కూరతోట ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, ఆయన నారు రేపటికి వాడిపోతుందని అందరికీ తెలిసినా, బిళ్ళ కోసం చేయి చాపకుండానే వెనుదిరిగాడు. తలుపు పక్కన మేకుకు బిళ్ళ అలాగే ఉంది, పదకొండేళ్ళ చేతులకు అంచులు అరిగి, నెర్రెలో ఇంత పిండితో, ఆమె వంతు ఇంకా తీరనట్టు.